బస్సెక్కిన కత్తిపీట

మా ఇంట్లో కత్తిపీట ఉందన్న సంగతి కెనడాలో మేముండే బ్రాంప్టన్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ తెలుసు. కాకినాడలో కొని, సూట్‌కేసులో రెండు దుప్పట్ల మధ్య చుట్టి తెచ్చుకున్నాను. మడతపెట్టే రకం కాదు. మూరెడు పొడవున్న మామిడిచెక్క పీట, దానికి నిలువుగా దిగేసిన ఇనుప కత్తి, కొసన కొబ్బరి కోరుకోవడానికి పళ్లు. నిలబడి చాకుతో తరగడం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. ఆదివారాలు వంటగదిలో కిరాణా కొట్ల ప్రకటన కాగితాలు పరుచుకుని, పీట మీద కూర్చుని, వారానికి సరిపడా కూరలు తరిగి డబ్బాల్లో పెట్టుకుంటాను.

కిందటి జూన్‌లో ఒక శనివారం పొద్దున్నే ఫోను మోగింది. చేసింది నేను పనిచేసే పళ్లడాక్టరు క్లినిక్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి. వరంగల్ వైపు పిల్ల. ఆరేళ్లు బేస్‌మెంట్లలో అద్దెకుండి, ఆ నెలలోనే భర్తా తనూ సొంత ఇంట్లోకి మారారు. ఆ సాయంత్రం పాతికమందికి భోజనాలు. ఎప్పుడో నేను క్లినిక్‌కి తీసుకెళ్లిన పనసపొట్టు కూర తన నాలుక మీద నిలిచిపోయిందట. విందులో అది ఉండాల్సిందేనని రెండు పచ్చి పనసకాయలు కొనేసింది. మధ్యాహ్నం వచ్చి వండిపెడతానని నేను ముందే మాటిచ్చాను. ఈలోగా నాకు పని తగ్గిద్దామని తనే కొయ్యడం మొదలుపెట్టింది.

“అక్కా, కత్తి కాయలనే ఇరికిపోయింది. మా ఆయన గుంజిండు, పిడి ఊడి చేతికొచ్చింది. ఇప్పుడెట్ల?”

కంగారు పడొద్దని, కత్తిపీట తీసుకుని వస్తున్నానని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, కారు లేదని. మావారు దాన్ని తీసుకుని మార్కమ్‌లో ఆఫీసుకు వెళ్లారు. వాళ్ల సిస్టమ్స్ మార్చే పనులన్నీ శనివారాలే పెట్టుకుంటారు. మా వీధి చివర ఎక్కితే ఆ అమ్మాయి వీధి మొదట్లో దింపే సిటీ బస్సు ఒకటుంది. అందులో వెళ్తానని కత్తిపీట చేతిలోకి తీసుకున్నాను.

యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి మెట్ల మీంచి చూసింది. “అమ్మా, యూ కాంట్ టేక్ దట్ ఆన్ ద బస్,” అంది.

మావారికి ఫోన్ చేస్తే ఆయన ఇంకో సలహా చెప్పారు. పెద్ద సంచీలో వేసి, పైన నాలుగు తువ్వాళ్లు కప్పేస్తే ఎవరి కంటా పడదట. పక్కనే లాప్‌టాప్ తెరిచి కూర్చున్న మా అమ్మాయి అది విని తల అడ్డంగా ఊపింది. ఇక్కడి చట్టంలో ఆయుధాన్ని దాచి పట్టుకెళ్లడమే పెద్ద తప్పట. వంటకో, పనికో కావలసిన కత్తిని నలుగురికీ కనబడేలా తీసుకెళ్తే, ఎవరినీ బెదిరించనంతవరకూ నేరం కాదట. అది చదివి వినిపించింది గానీ దాని మొహంలోనే నమ్మకం లేదు. నాకు అంతకన్నా లేదు. చివరికి పోలీసులనే అడిగేద్దామని, అత్యవసరం కాని పనులకు ఉండే నంబరుకు ఫోన్ చేశాను.

ఎత్తినావిడది ఓపికైన గొంతు. ముందు, ఎవరికైనా ప్రమాదంగా ఉందా అని అడిగింది. పనసకాయకు తప్ప ఎవరికీ లేదన్నాను. వస్తువు ఎలా ఉంటుందో చెప్పమంది. కత్తి జానెడు పైన ఉంటుందని, చెక్కకు బిగించి ఉంటుందని చెప్పాను. దాన్ని ఎలా పట్టుకుంటారని అడిగింది.

“పట్టుకోను మేడమ్. దాని మీద కూర్చుంటాను.”



“కత్తి మీదా?”

“పీట మీద. కత్తి కదలదు. కూరగాయే కత్తి దగ్గరికి వస్తుంది.”

ఆవిడ నవ్వాపుకుంటోందని గొంతులో తెలుస్తూనే ఉంది. తను లాయరును కానని ముందే చెప్పి, వంటకే తీసుకెళ్తున్నారు కాబట్టి తనకు అభ్యంతరమేమీ కనబడటం లేదంది. దాచొద్దు, పదునున్న అంచు ఎవరికీ తగలకుండా కప్పండి, ఎవరైనా అడిగితే అదేమిటో నిదానంగా చెప్పండి, ఎక్కేముందు డ్రైవర్ని అడగండి అంది. అవన్నీ ఒక కవరు వెనక రాసుకున్నాను.

అంచు కప్పే ఉపాయం మా అమ్మాయిదే. చిన్నప్పుడు ఈత నేర్చుకునేటప్పుడు వాడిన నారింజ రంగు ఫోమ్ గొట్టం గ్యారేజీలో ఉంది. దాన్ని జానెడు ముక్క కోసి, నిలువునా చీల్చి, కత్తి అంచుకు తొడిగింది. కత్తి వీపు, పైన కోరుపళ్లు బయటికే కనబడుతున్నాయి. బస్‌స్టాప్ దాకా నాతో నడిచింది కూడా. నేను పీటను రెండు చేతులతో, పేరంటానికి పళ్లెం తీసుకెళ్తున్నట్టు ముందుకు పట్టుకుని నడిచాను.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తెరిచి అదేమిటని అడిగాడు.

“కూరగాయలు తరిగేది. చాలా పదును,” అన్నాను.

ఆ రెండో మాట చెప్పనక్కర్లేదని మా అమ్మాయి ఆ రాత్రి ఇంట్లో గొణిగింది. డ్రైవరు మాత్రం నారింజ గొట్టాన్ని ఓసారి చూసి, తన వెనక సీట్లో కూర్చుని, కత్తి కిటికీ వైపు తిప్పి పెట్టుకుని, దిగేదాకా లేవకుండా ఉండమన్నాడు. సరేనని కూర్చున్నాను.

ఎదుటి సీట్లో కుర్రవాడొకడు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి చూశాడు. కాఫీ కప్పు పట్టుకున్న పెద్దమనిషి లేచి మూడు వరుసలు వెనక్కి వెళ్లిపోయాడు. నన్ను చూసిన ప్రతివాళ్లకూ “వెజిటబుల్స్” అని చెబుతూ వచ్చాను. నాకు నలభై తొమ్మిదేళ్లొచ్చాయి. మా క్లినిక్‌లో పంటినొప్పితో ఏడ్చే పిల్లలు కూడా నన్ను చూసి ఊరుకుంటారు. అలాంటి నన్ను చూసి ఒక మనిషి సీటు మారడం మనసులో కలుక్కుమంది. ఆయన తప్పు కూడా లేదు. ఆయనకేం తెలుసు?

నాలుగో స్టాప్‌లో ఒక పెద్దావిడ ఎక్కింది. తెల్లటి నూలు చీర, పైన స్వెట్టరు, కాళ్లకు స్పోర్ట్స్ షూస్. కార్డు తాకించి లోపలికి అడుగేసి, నా ఒళ్లోకి చూసి అక్కడే ఆగిపోయింది.

“బొటీ!” అంది.

అడక్కుండానే నా పక్కన కూర్చుని, పీట చెక్కను అరచేత్తో నిమిరింది. ఆవిడది బెంగాల్. కత్తిపీటను వాళ్లు బొటీ అంటారట. నాకు బెంగాలీ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. చేత్తో చేప ఈదినట్టు చూపించి, దానికేనా అని అడిగింది. కాదు, పనసకాయకన్నాను. పచ్చిదా పండుదా అని అడిగింది. పచ్చిదనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్లూ పచ్చి పనస కూర వండుకుంటారట, దానికి వేరే పేరే ఉందట. ఆవిడ కొడుకింటికి వచ్చి ఎనిమిదేళ్లయింది. కోడలి వంటింట్లో అన్నీ తరిగే మిషన్ ఉంది. దాని గురించి ఆవిడ వచ్చీరాని హిందీలో అన్న మాట నాకు బాగా గుర్తు. “మిషన్ మంచిదే. కూర్చోనివ్వదు, అంతే.”

లైబ్రరీలో పెద్దవాళ్ల కూటానికి బయల్దేరిందట. లైబ్రరీ స్టాప్ వచ్చింది, వెళ్లిపోయింది. నేను వేలుపెట్టి చూపించినా దిగనన్నట్టు తల ఊపేసింది. నేను దిగబోతే ఆవిడా లేచింది. సంతోషించాలో కంగారుపడాలో తెలియలేదు. స్టాప్‌లో నిలబెట్టి, ఆవిడ కొడుక్కి ఫోన్ చేయించి, నేనే మాట్లాడాను. నేనెవరో, ఎక్కడికి వెళ్తున్నామో చెప్పి అడ్రసు ఇచ్చాను.

“మా అమ్మ బస్సులో ఒక కత్తిని చూసి మీ వెంట వచ్చేసిందా?” అన్నాడతను.

అవునన్నాను. కాసేపు తల్లితో మాట్లాడి, ఆరింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు.

తలుపు తీసిన మా క్లినిక్ అమ్మాయికి ఒకేసారి నేనూ, నారింజ గొట్టం తొడిగిన కత్తీ, ఎవరో తెలియని పెద్దావిడా కనబడ్డాం. “ఎవలక్కా?” అని మెల్లగా అడిగింది. పనసకాయలు కొయ్యడానికి వచ్చారని చెప్పాను. ఇంకేమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్లి వంటింట్లో కాగితాలు పరిచింది.

కత్తి ముందు నేను కూర్చోబోతే ఆవిడ నా భుజం పట్టుకుని పక్కకు జరిపింది. అరచేతులకూ కత్తికీ నూనె రాసుకుంది. మనలా పీట మీద కూర్చోలేదు. నేల మీద ఒక మోకాలు ఎత్తి కూర్చుని పీటను పాదంతో అదిమిపెట్టింది. అలా కాదు ఇలా అని నేను చూపించబోయాను, ఇలా కాదు అలా అని ఆవిడ. ఎవరి పద్ధతి వాళ్లకే గొప్ప. కానీ ఇరుక్కున్న చాకు పక్కగా కాయను రెండు ఊపుల్లో చీల్చేసరికి నా నోరు మూతపడింది. గంటలో రెండు కాయలూ చెక్కు తీసిన ముక్కలైపోయాయి. నేను వాటిని చెక్క మీద వేసి పొట్టు కొట్టాను. ఆవపిండి కలపబోతుంటే ఆవిడ వాసన చూసి, ఆవాలతోపాటు పచ్చిమిరపకాయలు కూడా నూరమంది. నూరాను. ఆ రోజు కూర నేను ఎప్పుడూ వండేదానికన్నా బాగుందని అక్కడ మాత్రం ఒప్పుకోలేదు.

చెప్పినట్టే ఆరింటికి కొడుకు వచ్చాడు. వాళ్లమ్మ అప్పటికి నేల మీదే కూర్చుని, కొత్తిమీర తుంపుతూ, అక్కడి ఆడవాళ్లందరికీ బెంగాలీలో ఏదో చెబుతోంది. వాళ్లు తెలుగులో జవాబిస్తున్నారు. అతను గుమ్మంలోనే ఆగి వాళ్లమ్మను చూశాడు.

“ఇక్కడికి వచ్చాక అమ్మ కింద కూర్చోవడం నేను చూడలేదు,” అన్నాడు నాతో. “మోకాళ్ల నొప్పులనుకున్నాం.”

మోకాళ్ల నొప్పులు నిజమే. ఆవిడను లేపడానికి ఇద్దరం పట్టాల్సివచ్చింది. అతను కూరను రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇప్పుడు ఆవిడను నేను మాషీ అని పిలుస్తాను, అంటే పిన్ని అని. నెలకోసారి కొడుకు తీసుకొచ్చి మా ఇంట్లో దింపుతాడు. మోకాళ్లకు ఇబ్బంది లేకుండా కింద ఒక దిండు వేస్తాం. కిందటిసారి మా అమ్మాయిని కూర్చోబెట్టి బెండకాయలు తరగడం నేర్పించింది. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో వచ్చాయి. ఆవిడ బెంగాలీలో దిద్దుతుంటే మా అమ్మాయి ఇంగ్లీషులో వాదించింది. మొత్తానికి ఒక పూట కూరకు సరిపోయాయి.