కలవనని మొండికేసిన వరస

దెయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను కానీ, దెయ్యాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. ఇది జరిగింది కూడా పట్టపగలు, దోహాలో, ముషైరిబ్‌లోని మా ఆఫీసులో.

మాది భవనాలు కట్టే చిన్న కంపెనీ. క్యాంప్‌లో ఉండే పనివాళ్ళ సెలవులు, టికెట్ల మెయిళ్ళు నేను చూస్తాను. జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ళ పాత మాటలు కింద వస్తాయి, ప్రతి వరస ముందూ బాణం మొనలాంటి గుర్తుతో. మెయిల్ నలుగురి చేతులు మారేసరికి గుర్తులు పెరిగి, వరసలు ఎక్కడపడితే అక్కడ విరిగిపోతాయి. నేను మెయిళ్ళు రాసే ఎడిటర్‌లో ఒక మీట నొక్కితే విరిగినవన్నీ కలిసి ఒకే వెడల్పున సర్దుకుంటాయి. బట్టలు మడతపెట్టినంత హాయి నాకది.

ఆ రోజు పని రాజన్న టికెట్. జగిత్యాల వైపు మనిషి, మా సైట్‌లో తాపీ మేస్త్రీ. కూతురు పుట్టాక ఇంకా ఇంటికి వెళ్ళలేదు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మేడమ్, టికెట్ అయితదా? బిడ్డ నడుస్తుందట. మా అమ్మేమో ఇంకెన్నాళ్ళుంటవురా దుబాయ్‌ల అంటది. ఇది ఖతర్ అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది!"

టికెట్ ఏజెంట్ మెయిల్‌లో పాస్‌పోర్ట్ కాపీ అడిగాడు. జతచేసి, రెండు ముక్కలు రాసి, మీట నొక్కాను. వరసలన్నీ సర్దుకున్నాయి, కింద పాత మాటల్లో ఒక్కటి తప్ప. దాన్ని చేత్తో పైదానికి కలిపి మళ్ళీ నొక్కాను. విడిపోయింది. కనబడని ఖాళీలేమైనా ఉన్నాయేమోనని తుడిచి చూశాను. మళ్ళీ విడిగానే నిలబడింది.

పక్క సీటు సుల్తానా ఆపా, హైదరాబాద్ ఆమె, కుర్చీ జరుపుకుని వచ్చింది. "ఏందమ్మా, కంప్యూటర్‌తోని కుస్తీ పడ్తున్నవ్?" తనూ నొక్కి చూసింది. "అరే, ఇది అచ్చం నీ లెక్కనే ఉంది. ఎవ్వరితోని కలవదు!"

నవ్వుతూ ఆ వరస చదివాను. నవ్వు ఆగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నంలోగా ఫోన్ చేసి ఖాయం చేయకపోతే సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని ఏజెంట్ అంతకుముందు మా మేనేజర్‌కు రాసిన మాట అది. నాకెవరూ చెప్పలేదు.

కొత్తవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు గుండె దడ. "యల్లా, చెయ్యి!" అని ఆపా రిసీవర్ చేతిలో పెట్టింది. ఏం మాట్లాడానో గుర్తులేదు కానీ, సీటు నిలిచింది.

ఫోన్ పెట్టేసి మీట నొక్కితే, ఆ వరస బుద్ధిగా పైవాటిలో కలిసిపోయింది.

"జిన్నుంది నీ కంప్యూటర్ల," అంది ఆపా. "మంచి జిన్ను. దానికి గూడ ఒక చాయ్ చెప్పు."

తర్వాత ఎడిటర్ సెట్టింగులన్నీ వెతికాను. అదే మెయిల్ తెరిచి ఎన్నోసార్లు నొక్కాను. మళ్ళీ ఒక్కసారి కూడా మొండికేయలేదు.

ఊరి నుంచి ఫోన్ చేసిన రాజన్నకు ఇదంతా చెబితే అతను ఆశ్చర్యపోనేలేదు. "ఏదో ఒకటి ఆ వరసను ఆపింది మేడమ్. ఇగో, బిడ్డ నా మీసం పట్టి గుంజుతుంది. నాకిది చాలు."

అతనికి చాలింది. నాకే ఇంకా అంతుపట్టలేదు.