రెండోదే బాగుంటుంది

ఆ కొట్టులో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను చెవులాయన. కొట్టు వెనకభాగంలో ఒక గది ఉండేది. గోడలకి మందపాటి బట్ట, నేల మీద తివాచీ, మధ్యలో ఒక సోఫా. సీడీ ప్లేయరు కొనడానికి వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, ముందు చవకది, తర్వాత ఖరీదైనది వినిపించడం అతని ఉద్యోగం. చవకది చాల్లే అనుకుంటూ లోపలికి వచ్చినవాడు కూడా పోయేటప్పుడు ఖరీదైన పెట్టెని పసిబిడ్డలా చంకనేసుకుని పోయేవాడు.

దానికో కిటుకుంది. రెండోది మొదలుపెట్టేటప్పుడు ఆంప్లిఫయరు నాబ్‌ని వెంట్రుకవాసి పెంచాలి. పెంచినట్టు తెలియకూడదు. మనిషి చెవి వెర్రిది. కాస్త గట్టిగా వినిపించినదాన్ని గట్టిగా ఉందనుకోదు, బాగుందనుకుంటుంది. ఆపైన అమ్మేవాడు నోరు విప్పక్కర్లేదు. 'అందులో గొంతే వినిపించింది, ఇందులో ఆవిడ ఊపిరి కూడా వినిపిస్తోంది' అని కొనేవాడే వర్ణించడం మొదలుపెడతాడు. కంటికి రెప్పలిచ్చిన దేవుడు చెవికి తలుపు పెట్టడం మరిచిపోయాడు. లోకంలో సగం బేరాలు ఆ తెరిచిన వాకిట్లోంచే లోపలికి నడుస్తాయి. ఆ మాటకొస్తే కిటుకు లేని వ్యాపారం ఏదీ? బట్టల కొట్టువాడు పట్టు మీద పసుపు వెలుగు పరుస్తాడు. మాంసం కొట్టువాడు ఎర్రదీపం వేలాడదీస్తాడు. అత్తరు అమ్మేవాడు మణికట్టుకి రాసి, పెళ్ళాం పిల్లల క్షేమం అడిగి, అప్పుడు వాసన చూడమంటాడు.

చేరిన కొత్తల్లో పెద్ద యజమాని అతని వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి మరీ ఈ విద్య నేర్పాడు. మొదట్లో అతను సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటుపడ్డాడు. ఆ తర్వాత, విచిత్రమంతా ఇక్కడే ఉంది, మరిచేపోయాడు. చెయ్యి తన పని తను చేసుకుపోతుంటే అతను తల పక్కకి వాల్చి ఆ తేడాని నిజంగానే వినసాగాడు. ఖరీదైనదానిలో తీగలు మెరుస్తాయనీ, డప్పు దెబ్బ పొట్టలోకి దిగుతుందనీ నమ్మాడు. నమ్మి, ఫ్రిజ్ కొనాల్సిన ఏడు అదే ప్లేయరు ఇంటికి తెచ్చుకున్నాడు.

"పాలు విరిగిపోతున్నాయండీ అని మొత్తుకుంటే పాటలు తెచ్చారా?" అంది భార్య. "నాకైతే పాతదీ ఇదీ ఒక్కలాగే ఉన్నాయి."

"నీవి వంటింటి చెవులు. కుక్కరు కూత తప్ప వాటికేం తెలుస్తుంది!"

ఆ మాట ఆవిడ మనసులో ఎక్కడో దాచుకుంది. ఆడవాళ్ళు ఇలాంటివి పారేసుకోరు.

పెద్ద యజమాని పోయాక కొట్టు ఆయన అల్లుడి చేతికొచ్చింది. మర్యాదస్తుడు, 'బాబాయ్' అనే పిలిచేవాడు. కానీ జనం ఫోన్లలో పాటలు వినే రోజులు వచ్చిపడ్డాయి. ఆ గది తీసేసి ఫోన్ల కవర్లూ ఛార్జర్లూ పెడదామన్నాడు.

"ఆ గది తీశావంటే కొట్టుకి చెవులు కోసినట్టే," అన్నాడు చెవులాయన.

"కోప్పడకు బాబాయ్. అసలు చవకదానికీ ఖరీదైనదానికీ తేడా ఉందంటావా? ఒట్టు, నాకేం తెలియట్లేదు."

"తెలియాలంటే చెవులుండాలి నాయనా."

"నీకున్నాయిగా! రెండింటి మీదా దుప్పటి కప్పేస్తా. ఏది ఖరీదైనదో చెప్పు. చెప్పావంటే గది నీది, మళ్ళీ ఆ ఊసెత్తను."

"చెప్పలేకపోతే నీ ఇష్టం," అన్నాడు చెవులాయన నవ్వుతూ. తన గది మీద, తన పేరు మీద పందెం కాస్తున్నానని అతనికి తెలుసు. ఓడిపోవచ్చన్న ఆలోచన మాత్రం దరిదాపుల్లోకి రాలేదు.

కొట్టు సెలవురోజున రిపేర్లు చేసే మెకానిక్‌తో సహా అందరూ గదిలో చేరారు. చెవులాయన మాట మీదే ఖరీదైన ప్లేయరు కొనుక్కున్న పళ్ళ డాక్టరు కూడా వేడుక చూడ్డానికి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. "నేను పన్ను పీకితే ఏడుస్తారు, ఈయన పర్సు పీకినా నవ్వుతూ వెళ్తారు," అని తనే నవ్వాడు.

అల్లుడు రెండింటిలోనూ ఒకే పాట పెట్టి, దుప్పటి కప్పి, వైర్లు ఎటువి ఎటు పెట్టాడో కనబడకుండా తగిలించాడు. ఆంప్లిఫయరు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు గనక మీటలు చెవులాయనే నొక్కాడు. మొదటిది విన్నాడు. రెండోది విన్నాడు. కళ్ళు మూసుకుని, "రెండోది," అన్నాడు.

"కరెక్ట్!" అన్నాడు అల్లుడు. డాక్టరు చప్పట్లు కొట్టాడు.

ఈసారి వైర్లు మార్చి తగిలించాడు. చెవులాయన విన్నాడు. "ఇప్పుడూ రెండోదే." అల్లుడు మళ్ళీ పెట్టాడు. "రెండోదే. ఆ తీగలు చూడు, ఎట్లా మెరుస్తున్నాయో!" ఆ తర్వాతా రెండోదే. అల్లుడి మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరికి దుప్పటి తీశాడు.

"బాబాయ్, మొదటిసారి ఒక్కటే ఒప్పు. ఆ తర్వాతనుంచి చవకదాన్నే రెండోదిగా పెడుతున్నా."

ఆంప్లిఫయరు పక్కన నిలబడ్డ మెకానిక్ చెవులాయన జబ్బ పట్టుకుని బయటికి, రిపేరు బల్ల దగ్గరికి లాక్కెళ్ళాడు.

"అన్నా, నీ చెవులకేం కాలేదు. నీ చెయ్యి! ప్రతిసారీ రెండోదానికి నాబ్ పెంచావు. నేను కళ్ళారా చూశా."

చెవులాయన తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"చెప్పెయ్ అన్నా. నాబ్ ముట్టుకోకుండా మళ్ళీ పెట్టిద్దాం. గది దక్కుతుంది."

"ఏమని చెప్పమంటావురా? చెయ్యి అలవాటు పడిందనా? ఎక్కడ అలవాటు పడిందని అడగరూ?"

అప్పటికే డాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏవయ్యా, మరి నాకు అంటగట్టిందాని సంగతేమిటి?"

చేతిని దోషిని చేస్తే చెవులు మిగులుతాయి, మనిషి మిగలడు. చెవులాయన గొంతు సవరించుకున్నాడు.

"మీది బంగారంలాంటిది సార్. నా చెవులే పోయాయి. కొన్నాళ్ళుగా సరిగా వినపడట్లేదు."

"అయ్యో బాబాయ్! ముందే చెప్పొద్దూ," అన్నాడు డాక్టరు వెనకే వచ్చిన అల్లుడు, నిజంగానే బాధపడుతూ.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పాత ప్లేయరునీ, ఖరీదైనదాన్నీ పక్కపక్కన పెట్టాడు. చేతులు తొడల కింద అదుముకుని కూర్చుని, వెనక్కి తిరిగి, భార్యని మీటలు నొక్కమన్నాడు. ఆవిడ నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఏ తీగా మెరవలేదు. ఏ దెబ్బా పొట్టలోకి దిగలేదు.

"ఏది ఏదో తెలిసిందా?" అంది.

"లేదు."

ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. అనలేదు. లేచి పాలు మళ్ళీ కాచడానికి వెళ్ళింది. అంటేనే బాగుండేదని అతనికి అనిపించింది.

గది పోయింది. అతన్ని ముందు కౌంటర్లో ఫోన్ కవర్ల దగ్గర కూర్చోబెట్టారు. పని తేలికే. కష్టమల్లా ఒక్కటే: చెవిటివాడిగా ఉండాలి. ఎవరు పలకరించినా ఒకసారి "ఆఁ?" అనాలి. వినపడ్డ నవ్వుకి నవ్వకూడదు. అల్లుడు చెవుల డాక్టరు దగ్గరికి రమ్మంటే ఏదో వంకపెట్టి తప్పించుకోవాలి. మెకానిక్ మాత్రం దూరంనుంచి చూసి తల దించుకునేవాడు.

ఒకరోజు ఒకావిడ కవరు రంగు మార్చమని అడిగింది. అతను "ఆఁ?" అన్నాడు. పక్కనే ఉన్న అల్లుడు గొంతేమీ తగ్గించకుండానే ఆవిడతో అన్నాడు: "కాస్త గట్టిగా చెప్పండమ్మా. పాపం, ఒకప్పుడు ఈ చెవుల్ని నమ్మి జనం వేలకు వేలు పోశారు. ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా తెలీదు. జాలిపడి ఉంచుకున్నాం."

ఒక్కో అక్షరం అతనికి స్పష్టంగా వినిపించింది. ఆవిడ నిట్టూర్పు కూడా వినిపించింది. కౌంటరు అద్దం మీద లేని మరకని తుడుస్తూ, ఆవిడ గట్టిగా అరిచేదాకా ఆగాడు.