మేనేజర్ను నేనే అన్నాను

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. దాన్ని అలాగే ఉంచుకుని తిన్నాను, నవ్వాను, ప్లాట్లు అమ్మాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను. చెప్పాల్సిన మనిషికే చెప్పే ధైర్యం ఉంటే మీకీ శ్రమ ఉండేది కాదు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరాలన్నీ గజాలైపోతున్న రోజులవి. కందుకూరు నుంచి నేనూ బండేసుకుని వచ్చి ప్లాట్ల ఏజెంటునయ్యాను. సొంతంగా ఆఫీసు పెట్టే స్తోమత లేదు. సాగర్ రోడ్డు మీద, ఎరువుల దుకాణం పై అంతస్తులో, ఒక పెద్ద హాల్లో బల్లలు వేసి ఒక్కొక్కటీ అద్దెకిచ్చేవారు. నాలాంటి ఏజెంట్లు, ఇన్సూరెన్సు చేసే పద్మక్క, ఎవరి బల్ల వారిది. అందరికీ కలిపి ఒకటే ఏసీ, ఒకడే మేనేజరు. అతని పేరు శ్రీశైలం.

మొదట్లో అతనంటే నాకు పడేది కాదు. ఏసీ రిమోటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. చెప్పులతో లోపలికొస్తే మనిషిని వదిలేసి చెప్పులతోనే మాట్లాడేవాడు. కానీ మాకోసం ఒక పని చేసేవాడు. ఎవరి కస్టమరు వస్తే వాళ్ల ఫ్లెక్సీ బోర్డు తలుపు మీద కట్టి, మిగతావన్నీ బీరువా వెనక దాచేవాడు. ఆ కాసేపూ హాలంతా ఆ ఏజెంటుదే, మేమంతా అతని స్టాఫే. ఆన్ కాని కంప్యూటర్ల ముందు కూర్చుని టకటకా కొట్టేవాళ్లం. పద్మక్క నవ్వాపుకోలేక దగ్గుతూ బాల్కనీలోకి పారిపోయేది.

నా మొదటి కస్టమరు వచ్చే రోజు నేను ఫైలు తెరుస్తూ మూస్తూ ఉంటే, శ్రీశైలం నా బోర్డు కట్టి, భుజం మీద చెయ్యేశాడు. "కస్టమర్ ముంగట నన్ను ఏమన్న అను అన్నా. ప్యూన్ అను, డ్రైవర్ అను. నాకేం ఫికర్ లేదు."

ఆ మాట వెనకాలే ఇన్నేళ్లూ నక్కాను.

ఒకరోజు ఉదయం అతను కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సంబంధం వాళ్లు వస్తున్నారు. పిల్లాడు పనిచేసే చోటు కళ్లారా చూస్తారట. ఆ అమ్మాయి అతనికి ఎంత నచ్చిందో మాకందరికీ తెలుసు. ఫోటో చూడని వాళ్లు హాల్లో లేరు. నేనైతే చూసిందే మళ్లీ చూశాను. అదే పూట నాకూ కస్టమరున్నాడు. పాపం, నా బోర్డు కట్టాకే, సంబంధం వాళ్లను తీసుకురావడానికి బస్ డిపో దగ్గరికి వెళ్లాడు. ఆ పూట పద్మక్క రాలేదు, మిగతా ఏజెంట్లు వెంచర్ల దగ్గరున్నారు.

వాళ్లేమో బస్సు వదిలేసి మన్నెగూడ నుంచి ఆటోలో తిన్నగా ఇక్కడికే వచ్చారు. తెల్ల పంచెలో ఒక పెద్దాయన, ఆయన భార్య. అప్పటికే నేను కస్టమరు ముందు కాలు మీద కాలేసుకుని, ఈ బ్రాంచికి మేనేజర్నని కోతలు కోస్తున్నాను. పెద్దాయన తలుపు మీది బోర్డు చూసి, నన్ను చూసి, అడిగాడు.

"శ్రీశైలం ఉన్నడా బిడ్డా? గీడ మేనేజరట గద."

కస్టమరు నా మొహంలోకి చూశాడు.

"మేనేజర్ను నేనే," అన్నాను. "శ్రీశైలం మాకు చాయ్ తెచ్చి పెడ్తడు."

పెద్దాయన భార్యకు పోదామని సైగ చేశాడు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. కస్టమరు కూడా ఇంట్లో అడిగి చెబుతానని వెళ్లాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడేమో.

వాళ్లెవరో నాకు తెలియదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. చూడగానే తెలిసింది. ఒక్క 'అవ్' అంటే సరిపోయేది, ఒక ఆఫీసులో ఇద్దరు మేనేజర్లుంటే ఏ కస్టమరు పోలీసుల్ని పిలుస్తాడు? కనీసం వాళ్ల వెనక మెట్లు దిగి పరిగెత్తొచ్చు కదా? ఎందుకు పరిగెత్తలేదు? కాలు మీద వేసిన కాలు దించబుద్ధి కాలేదు, అంతే.

శ్రీశైలం చెమటలు కక్కుకుంటూ, మిఠాయి డబ్బాతో తిరిగొచ్చి, ఎవరైనా వచ్చారా అని అడిగాడు. రాలేదన్నాను. సాయంత్రం పెళ్లిళ్ల పేరయ్య ఫోన్ చేసి పేరుబలం కుదరలేదన్నాడు. వాళ్లు మర్యాదస్తులు, అసలు సంగతి బయటపెట్టలేదు. శ్రీశైలం డబ్బా విప్పి, నవ్వబోయి నవ్వలేక, ముందు నాకే పెట్టాడు. నాకు లేచి ఇంటికి వెళ్లాలనిపించలేదు. కిందికి పోయి చాయ్ తెచ్చి అతని పక్కన కూర్చున్నాను.

అతన్ని నేనెరిగింది అప్పటినుంచే. చెరువు కట్ట మీద బండ్లాపి ఎంత నవ్వుకునేవాళ్లమో! కస్టమర్లను అనుకరిస్తే అతని తర్వాతే ఎవరైనా. తర్వాత అతనికి వేరే సంబంధం కుదిరింది. బరాత్‌లో నా చెప్పులు తెగిపోయేదాకా ఆడాను. ఇప్పుడు అతనింట్లో రిమోటు భార్య చేతిలో ఉంటుంది. భోజనానికి పోతే ఆమె నా కంచంలోనే ఎక్కువ ముక్కలు వేస్తుంది. సంబంధం తప్పిపోయిన నాడు తోడుగా కూర్చున్నది ఈ అన్న ఒక్కడేనని అతను ఆమెకు చెప్పాడట.

అంతా మంచికే జరిగింది కదా అని మీరనవచ్చు. నేనూ అనుకుని చూశాను. ఆ సుఖం అతను సంపాదించుకున్నది, నేనిచ్చింది కాదు. చెబితే నవ్వేస్తాడా, మొహం చూడటం మానేస్తాడా? తెలియదు. ఇంత మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకోవాలంటే భయం. మీకు చెప్పాక మాత్రం గొంతు కాస్త తెరుచుకుంది.

ఆనాటి నుంచి హాల్లో అతనికి చాయ్ తెచ్చి పెట్టేది నేనే. నిన్న కూడా గ్లాసు అందుకుంటూ నవ్వాడు. "రోజు నువ్వే ఎందుకు తెస్తవన్నా?"

ఎందుకో మీకు తెలుసు. అతనికి తెలియదు.