అడగకుండా అడిగే అంకుల్

మెల్‌బోర్న్‌లో మా పక్కింటి యూదు అంకుల్ శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాకా స్విచ్ ముట్టుకునేవారు కాదు. అది వాళ్ల ఆచారం. ఇంకొకర్ని నొక్కమని అడగనూ కూడదట. పడకగది లైటు ముందే ఆర్పడం మాత్రం ప్రతివారం మరిచిపోయేవారు. కావాలనేనని నా అనుమానం. వెళ్లినప్పుడల్లా చేతిలో రొట్టెముక్క పెట్టి గంటసేపు కూర్చోబెట్టేవారు మరి!

పిలుపు కూడా తమాషాగా ఉండేది. కంచె దగ్గర నిలబడి ఆకాశంతో అనేవారు: "లైటు వెలుగుతుంటే మనిషికి నిద్రెలా పడుతుంది!"

"ఫ్రైడే కదండీ, మిమ్మల్నే. వెళ్లి ఆఫ్ చేసి రండి," అనేది మా ఆవిడ.

వై టూ కే రాత్రి కూడా శుక్రవారమే. పన్నెండు కొట్టి రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుగా చదివి తికమకపడి ఊరంతా కరెంటు పోతుందని అందరికీ బెంగ. ఆ తప్పులు దిద్దేవాళ్లలో నేనొకణ్ణి. సాయంత్రం డ్యూటీకి పరుగెడుతుంటే అంకుల్ నవ్వారు. "ఇవాళ నీకు శ్రమ లేదులే. అదే ఆరిపోతుందటగా!"

తెల్లారాక ఎర్రటి కళ్లతో ఎదురొచ్చారు. "పని బాగా చేశావయ్యా. రాత్రంతా నాకు కునుకు లేదు!"

మొన్న చలికాలంలో ఆయన పోయారు. నెల తిరిగాక ఒక శుక్రవారం, ఇంకా పొద్దుండగానే, ఆంటీ కంచె దగ్గరికి వచ్చారు. నావైపు చూడకుండా ఆకాశంతో అన్నారు: "అలవాటు చొప్పున చేప ఇద్దరికి వండేశాను."

నాకు అన్నం వండొద్దని మా ఆవిడతో చెప్పి, చెప్పులేసుకున్నాను.