ఇంజను రేకు మీది పసుపు

కిరసనాయిలులో నానిన పాత పసుపుకు ఒక వాసన ఉంటుంది. మొన్న ఆదివారం షెడ్డులో, పోయిన మా నాయన నడిపిన అంబాసిడరు బానెట్ నేను ఎత్తి, ఇంజనుకు బిగించిన చిన్న ఇత్తడి రేకునూ దాని చుట్టూ గట్టిపడిన పసుపునూ గుడ్డపీలికతో తుడుస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలి నా చెయ్యి ఆగిపోయింది. ఏళ్లుగా కదలని ఆ కారును మళ్లీ రోడ్డెక్కిస్తానని మా చిన్నమ్మ కొడుకు రమేశ పంతం పట్టాడు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించేవాడికి ఇంజను సంగతి ఏం తెలుసని నవ్వాను గానీ, వాడు ఫోన్లో అడిగింది సరైన ప్రశ్నే.

"అక్కా, వాటర్ పంపు తెప్పిస్తాండా. ఇంజను నంబరు చూసి చెప్పు."

ఆ నంబరు నాకు చూడకుండానే వచ్చు. అయినా ఒకసారి చూడాలనిపించింది.

బత్తలపల్లె దాటి లోపలికి వెళ్తే మా ఊరు. ఊరికంతా ఉన్న కారు అదొక్కటే, దాన్ని బాడుగకు తిప్పేవాడు మా నాయన. వాన లేక, సరిగ్గా ఊడలు దిగక, కాయ పట్టక ఎండిపోయిన శనక్కాయ కట్టెను ఎద్దులకు వేస్తూ పెద్దవాళ్లు మబ్బును తిట్టుకుంటుంటే, మేము ఆ కట్టెలో మిగిలిన నాలుగు కాయలూ ఏరి, పుల్లలు అంటించి కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని తిరిగేవాళ్లం. అంత కరువులోనూ ఆయుధపూజ మాత్రం ఆగేది కాదు. పెనం మీద ఓళిగలు కాలే నెయ్యి వాసన, గుమ్మడికాయ పగిలిన చప్పుడు, బొరుగులూ బెల్లం కోసం మా తోపులాట, వీటి మధ్య ఇంజనుకు బొట్లు పెట్టే పని నాది. నాయన తల్లి, మా అవ్వ, పసుపు కలిపి గిన్నె నా చేతికి ఇచ్చేది. నూనె జిడ్డుతో ఎగుడుదిగుడుగా ఉండే ఆ ఇంజనులో నుదురులాగా నున్నగా ఉండేది ఆ రేకు ఒక్కటే. అందుకని దానికే పసుపు దట్టంగా మెత్తి, నడుమ కుంకుమ పెట్టి మురిసిపోయేదాన్ని. పోయినేటి పసుపు కడగకూడదని అవ్వ కట్టడి. అలా ఏటికేడాది పూత ఎక్కి, దాని కింద అంకెలున్న సంగతే నేను తప్ప ఇంట్లో అందరూ మరిచిపోయారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దసరా వెళ్లిన కొన్నాళ్లకు, మా అమ్మ చెల్లెలు కాన్పుకని మా ఇంటికి వచ్చింది. మొదటి కాన్పప్పుడు నొప్పులతో రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చుని, ఆసుపత్రికి చేరేలోపే బిడ్డను పోగొట్టుకున్న మనిషి మా చిన్నమ్మ. ఈసారి బిడ్డ అడ్డంగా ఉందని, బస్సు కుదుపులు పనికిరావని, నొప్పులు మొదలైన వెంటనే కారులో అనంతపురం తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. "బావ కారుండాది కదక్కా, నాకేం బయం లేదు" అని చిన్నమ్మ రోజుకు నాలుగుసార్లు అమ్మతో అనేది. భయం లేనివాళ్లు అన్నిసార్లు అనరని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

అలాంటప్పుడు ఒక సోమవారం నాయన బాడుగకు వెళ్లి వస్తుంటే కారు వాటర్ పంపు విరిగింది. ఇంజనులో నీళ్లు తిప్పి దాన్ని చల్లగా ఉంచేది అదే. బెల్టు తిరిగే చక్రమున్న ముందు ముక్క రోడ్డు పాలైంది, వెనక ముక్క మిగిలింది. కారును ఎద్దులతో ఇంటికి లాగించారు. మా వైపు పద్ధతి ఒకటే: పాత సామాను గోనెసంచిలో వేసుకుని అంగడికి పోవడం, పక్కన పెట్టి కొత్తది సరిచూసుకోవడం. నాయన ఆ సగం ముక్కతోనే మంగళవారం అనంతపురం వెళ్లాడు. అంగడాయన కారు పుస్తకంలో రాసిన ఇంజను నంబరు చూసి, వెనక బోల్టు బొక్కలు సరిపోల్చి ఒక పంపు ఇచ్చాడు.

బుధవారం పొద్దున బత్తలపల్లె మెకానిక్ ఖాదర్ మామ వచ్చి దాన్ని బిగించాడు. బోల్టులన్నీ ఇట్టే కూర్చున్నాయి. నాయన ముఖం తేటపడింది. తర్వాత బెల్టు ఎక్కించబోయి మామ ఆగిపోయాడు. కొత్త చక్రం బొటనవేలు మందాన ముందుకు పొడుచుకు వచ్చి, బెల్టు వంకరగా పడింది.

"ఇట్ల పోతే బెల్టు తెగిపోతాది అన్నా. దోవలో నిలిచిపోతారు."

"నంబరు చూసే కదప్పా ఇచ్చినాడు!"

"పుస్తకంలో నంబరు ఈ ఇంజనుది కాదేమో. నువ్వు కొనకముందే ఎవరో ఇంజను మార్చినట్టుండారు. ఇంజను మీద నంబరు యాడుండాదో చూడల్ల."

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి చిన్నమ్మ మూలుగు వినిపించింది. అమ్మ గడపలోకి వచ్చి, "నొప్పులు మొదలైనాయి" అంది. బత్తలపల్లెలో ఉన్న కార్లు రెండూ పెళ్లి బాడుగకు పోయాయని ఖాదర్ మామ వచ్చేటప్పుడే చెప్పాడు.

ఇద్దరూ ఇంజనంతా తడిమారు. నంబరు ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పాలంటే భయమేసింది. దాన్ని పూడ్చింది నేనే, చిన్నమ్మకు ఏమైనా అయితే అది నా వల్లే. లోపల మళ్లీ కేక వినపడింది. ఏడుస్తూ చెప్పేశాను.

"నాయనా, ఆ పసుపు కింద ఉండాది. నేనే పూసినా."

కిరసనాయిలు డబ్బా తీసుకున్న నాయనకు అవ్వ అడ్డం నిలబడింది. "కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉండంగా పూజ పసుపు కడుగుతావా? బుద్దుండాదా నీకు?"

"ఆ మనిషి కోసమేనమ్మా" అన్నాడు నాయన.

అవ్వ డబ్బా లాక్కుని, కొంగు తడిపి, బానెట్ కిందికి వంగింది. "నేను పెట్టించిన పసుపు, నేనే తీస్తా" అని గోటితో గీకసాగింది. పచ్చటి పెచ్చులు రాలాయి. ఒక్కొక్క అంకె బయటపడుతుంటే ఖాదర్ మామ పైకి చదివాడు, నేను బలపంతో పలక మీద రాశాను. పుస్తకంలో ఉన్న నంబరుకూ దీనికీ పొంతనే లేదు.

నాయన నంబరును కాగితం మీద ఎక్కించుకుని, పక్కింటాయన మోటారు సైకిలు మీద దుమ్ము లేపుకుంటూ మళ్లీ అనంతపురం వెళ్లాడు. నేను పలక పట్టుకుని గడపలో కూర్చుని, ఆ నంబరు మళ్లీ మళ్లీ చదివాను. చదవడం ఆపితే చిన్నమ్మ అరుస్తుందని అనిపించింది. చదువుతున్నా అరిచింది. అమ్మ ఆమె నడుము పట్టుకుని కూర్చుంది. అవ్వ చేదబావికి నాలుగుసార్లు పోయి, ఇంట్లో తాగడానికి కూడా మిగల్చకుండా నీళ్లన్నీ కారు పక్కన పెట్టింది. "ఈ కారుకు నీళ్లు పోసేదానికి రెండు బర్రెలు సాకొచ్చు" అని రోజూ సణిగే అవ్వే.

మధ్యాహ్నం పొద్దు వాలేవేళకు నాయన వచ్చాడు. మామ చేతులు చకచకా ఆడాయి. బెల్టు ఈసారి గీత గీసినట్టు కూర్చుంది. ఇంజను అందుకోగానే చిన్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోయారు. అక్కడ ఆపరేషను చేస్తే, దీపాలు పెట్టే వేళకు రమేశ పుట్టాడు. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అన్నదట.

మరుసటి దసరాకు అవ్వ గిన్నె నా చేతికిస్తూ, "చుట్టూ పెట్టు, రేకు మీద వద్దు. దాని మొగం కనపడల్ల" అంది.

ఇప్పుడు అవ్వ లేదు, నాయన లేడు. ఖాదర్ మామ షెడ్డు ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. చేదబావి పూడిపోయింది. విరిగిన సామాను గోనెసంచిలో మోసుకుని బస్సెక్కేవాళ్లు కనపడరు, ఫొటో తీసి పంపితే చాలు. నిన్న రమేశ కొత్త పంపుతో వచ్చాడు. సరిగ్గా కూర్చుంది. ఊడదీసిన పాత పంపును, ఆనాడు నాయన తెచ్చినదాన్ని, చేత్తో ఊపి, చెత్త వైపు చూశాడు.

"ఇది పారేద్దామా అక్కా?"

"పారేయొద్దు రా" అన్నాను. "అది నీకంటే ఒక పూట పెద్దది."