బాజాల మధ్య షబ్నం గుండె

రాంగోపాల్‌పేట్‌లో లీలాకుమారి ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. గుర్రాల డాక్టరమ్మ ఇల్లంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. భీమవరం నుంచి వచ్చి పైపుల వ్యాపారంలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. కూతురు డాక్టరవుతానంటే మురిసిపోయిన తండ్రి, పశువుల డాక్టరని తెలిశాక కొన్నాళ్లు మొహం ముడుచుకున్నాడు. ఆమె ఖాతరు చేస్తేనా! ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆ సంగతి తనకూ తెలుసు, దాచుకోదు.

ఒకరోజు మౌలాలి నుంచి కలీముల్లా వచ్చాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పేవాడు. ఆయనకున్నది షబ్నం అనే ముసలి ఆడగుర్రం ఒక్కటే.

"జెర నడిస్తె సుత ఆయాసపడ్తున్నది మేడం. ఒక డాక్టర్ గుండె ఖరాబైందన్నడు, ఇంకొకాయన ఏం గాదన్నడు. మా జెబా షాదీ దగ్గర పడ్డది. దుల్హా దీని మీదనే రావాలె. బిడ్డకు చిన్నప్పుడే మాటిచ్చిన."

"నేను చూసి చెప్తాను. ఆ తరవాత ఇంకెవరినీ అడగక్కర్లేదు," అంది లీలాకుమారి.

మౌలాలి వెళ్లి, షబ్నం ఎడమ ముందుకాలు కాస్త ముందుకు జరిపించి, మోచేయి వెనక స్టెతస్కోప్ పెట్టింది. రెండు చప్పుళ్ల తరవాత నిశ్శబ్దం ఉండాల్సిన చోట సన్నటి కూత వినిపించింది. దవడ కింద నాడి ఎగిరిపడి అంతలోనే జారిపోతోంది. ఆమె అనుమానించిందే స్కానింగ్‌లోనూ తేలింది.

"గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు భాయ్. బయటికెళ్లిన రక్తం కొంత వెనక్కి కారుతోంది. ముసలి గుర్రాల్లో ఉంటుంది, చాలావాటికి ప్రమాదం లేదు. పని చేసేటప్పుడు గుండె లయ తప్పుతోందా లేదా, అదే తేలాలి."

షబ్నం ఛాతీకి, గుండె లయను ఫోన్‌లో చూపించే ఈసీజీ తీగలు అంటించి, మైదానంలో పరుగెత్తించారు. ఫోన్‌లో గీతలు వరసగానే నడిచాయి. కలీముల్లా మొహం వెలిగింది.

"ఇగ దుల్హా ఎక్కొచ్చు గద మేడం."

"మీ గుర్రం పని పరుగెత్తడమా? దీన్ని ముస్తాబు చేసి, బ్యాండువాళ్లను పిలవండి."

జరీ గుడ్డలు కప్పాక, పక్క గల్లీలో ఉండే పీర్ మహమ్మద్ తన బృందంతో వచ్చి డప్పులు షురూ చేశాడు. షబ్నం రాయిలా నిలబడింది. చెవి కూడా ఆడించలేదు.

"చూడుండ్రి, ఎట్ల నిలబడ్డదో," అన్నాడు కలీముల్లా. ఆ నిలకడ నేర్పింది తనేనని ఆయనకు మహా గర్వం.

లీలాకుమారి ఫోన్ ఆయన వైపు తిప్పింది. డప్పుల చప్పుడుకు గీతలు చెదిరిపోయాయి. ఎక్కడపడితే అక్కడ పెద్ద పెద్ద ఎగుడుదిగుళ్లు, ఒకదాని మీద ఒకటి. ఆమె చెయ్యెత్తి డప్పులు ఆపించింది.

"మీరు కాళ్లకు నేర్పారు భాయ్. గుండెకు ఎవరు నేర్పుతారు?"

కలీముల్లా గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు.

"గిన్నేండ్లు భయపడుకుంటనే నిలబడ్డదా మేడం?"

"నిలబడింది. ఇక దీని మీద ఎవరూ ఎక్కకూడదు. ఉన్నట్టుండి కూలిపోతే పైనున్నవాడికీ ప్రాణం మీదికొస్తుంది."

"ఉత్తగ నడవొచ్చా?"

"బరువు లేకుండా, బాజా లేకుండా అయితే హాయిగా నడవొచ్చు."

జెబా పెళ్లినాడు పెళ్లికొడుకు షబ్నం కళ్లెం పట్టుకుని నడిచొచ్చాడు. వెనకాల పీర్ మహమ్మద్ బృందం డప్పులు చంకన పెట్టుకుని నోరెత్తకుండా నడిచింది. లీలాకుమారి పక్కన నడుస్తూ మధ్యమధ్య దవడ కింద నాడి చూసింది. తను చెప్పినట్టే, లయ తప్పలేదు.

పెళ్లికొడుకు మేనమామకు ఇదంతా నచ్చలేదు. "ఇదేం బరాత్? బాజా లేదు, సవారీ లేదు," అన్నాడు.

కలీముల్లా షబ్నం మెడ నిమురుతూ తలెత్తి జవాబిచ్చాడు.

"మా పెద్ద బిడ్డకు డప్పులంటె భయం సాబ్. మాకు మొన్ననే ఎరుకైంది."