నేలపాలైన పచ్చి గుత్తులు

కరోనా తగ్గిన ఏడాది నర్మెట్ట దగ్గర ఒక పటేలు ద్రాక్షతోటల నన్ను కత్తెర పనికి పెట్టుకున్నరు. అంతకుముందు చానా ఏండ్లు నేను తినే ద్రాక్షతోటలల్లనే చేసిన. ఇది వైన్ తీసే తోట. పటేలు కోడలు ఫ్రాన్స్‌ల లువార్ నది లోయకు పోయి ఆ పని నేర్చుకొని, అక్కడి చెనిన్ రకం తీగెలే ఇక్కడ పెట్టించింది.

తోటకు ఆడమేస్త్రీ కావాలె. మేస్త్రీకి కూలి ఎక్కువ, ఎండల వంగే పని తక్కువ. నాకు, మా తోడికోడలు చంద్రమ్మకు చెరొక వరుస అప్పజెప్పి, ఎవరి రసం బాగుంటే వాళ్లే మేస్త్రీ అన్నది పటేలు కోడలు. కాయ పచ్చిగున్నప్పుడే సగం గుత్తులు కోసెయ్యాలె, ఆ లోయల గట్లనే చేస్తరని చెప్పింది.

నాకు చెయ్యి రాలే. కాసినదాన్ని నేలపాలు చేసుడేంది? ఎండినయి, పురుగు పట్టినయి తీసి మిగతావి ఉంచిన. చంద్రమ్మ మాత్రం టకటక కోసింది. పొద్దటి అన్నం మాపటికి పారవోసే మనిషి, ఆమెకేం బాధ?

"పారేసుడు నీకు కొత్తనా ఏంది?" అన్న.

"కిందవడ్డయి సూసి ఏడ్వకు అక్కా, పైనున్నయి సూడు" అన్నది నవ్వుకుంట.

కింద పడ్డయన్నీ కొంగుల ఏరుకొని ఇంటికి తెచ్చి, పచ్చిమిరపకాయలేసి తొక్కు నూరిన.

కోతనాటికి నా వరుస నిండుగ వేలాడింది. ఆమెది బోసిగుంటే లోపల సంబురపడ్డ. పటేలు కోడలు తీపి చూసే గొట్టం మీద రసం చుక్క వేసి, వెలుగుకు పట్టి చూసింది. నా రసం పల్చగున్నదట, చంద్రమ్మది చిక్కగున్నదట. గుత్తులు తక్కువుంటే తీగె తీపంతా వాటికే పోతదట. "అవ్వా, నీ కాయ అంగడికి మంచిగుంటది, వైన్‌కు పనికిరాదు" అన్నది.

మేస్త్రీ పని చంద్రమ్మకు పోయింది. గట్టు మీద కుర్చీ వేసుకొని, అక్కా అనుడు మాని నన్ను పేరువెట్టి పిలిచేది. అయినా పని మానలే. మోకాళ్లు మొరాయించేదాక ఆమె చెప్పినన్ని గుత్తులు కోసిన.

తినే ద్రాక్షకు తూకం చూస్తరు, వైన్ ద్రాక్షకు రసం చూస్తరు. కొత్త తోటకు పోయినోళ్లు కత్తెర పట్టకముందే ఆ కాయ ఎందుకో అడిగి, దానికి తగ్గట్టు కొయ్యాలె. నేను నేర్చుకున్నది గదే. తొక్కు మాత్రం ఆ తోటల కిందవడ్డ పచ్చికాయ తెప్పించుకొని ఏటా నూరుతున్న. చంద్రమ్మ ఇంటికి ఒక్కనాడు పంపలే.